తలుపు పక్క మూల

“ఇదేంది బిడ్డా, హోలీ అయిపోయి రెండు నెలలాయె. నువ్వింకా రంగులు చల్లుకుంట కూసున్నవ్?”

“కిష్టప్ప గారూ, దండం పెడతాను. ఇవాళ నన్ను ఆటపట్టించకండి.”

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో, మందుల ఫ్యాక్టరీలకు పొడి ఆరబెట్టే డ్రయ్యర్లు చేసిపెట్టే కంపెనీ అది. 2003 మే నెల, మధ్యాహ్నం భోజనాల వేళ. డిజైన్ గదిలో ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్ తెర మీది రంగులు చూస్తూ వీరలక్ష్మి కూర్చుని ఉంది. ఆమె ఇంజనీరుగా చేరి నాలుగు నెలలు. రెండు టీ గ్లాసులతో గుమ్మంలో నిలబడ్డ కిష్టప్ప, అక్కడివాళ్లు షాపు అని పిలిచే వర్క్‌షాపులో ఇరవై ఆరేళ్లుగా ఫిట్టరు. ఇంకో నాలుగు రోజుల్లో రిటైరవుతాడు.

“ఆట పట్టిస్తలేను. చాయ్ పట్టిస్తున్న. తాగు. మల్లవ్వ పంపింది.”

“క్యాంటీన్ మల్లవ్వా? నాకెందుకు?”

“మూడు దినాల సంది నీ టిఫిన్ డబ్బల అన్నం సగం అట్లనే ఉంటున్నదట. ఇంజనీరమ్మకు ఏమైందో అడిగి రాపో అన్నది.”

“ఏమీ కాలేదు.”

“ఏం కాకుంటే కండ్లెందుకు ఎర్రగున్నయ్?”

“ఏసీ గాలికి.”

“ఏసీ గాలికా! షాపుల మేము నలభై నాలుగు డిగ్రీలల్ల వరుగులైతున్నం, మేం ఏడుస్తలేం. చల్లగ కూసున్నామె ఏడుస్తున్నది.”

“నేనేం ఏడవట్లేదు. నవ్వించకండి.”

“నవ్వొచ్చింది గదా? గట్లుండాలె. ఇగ చెప్పు. మేనేజర్ రాజుసారు ఏమన్నడు?”

“మీకెలా తెలుసు, ఏదో అన్నారని?”

“తలుపు మూసి మాట్లాడిండు. ఆయన తలుపు మూస్తే షాపంతా వినపడ్తది.”

“నరసరాజు గారు సోమవారం దాకా టైమిచ్చారు. అప్పటికీ తేల్చకపోతే ఈ కంప్యూటర్ సేల్స్ వాళ్లకి వెళ్లిపోతుంది. నేను స్టోర్స్‌కి. నట్లూ బోల్టులూ ఎంచుకోవడానికి.”

“నట్లు బోల్టులు మంచియే. ఎదురు మాట్లాడయి.”

“కిష్టప్ప గారూ!”

“సరే సరే. ఇంతకు ఏం తేల్చాలె?”

“మీకు తెలీదా? షాపంతా అదే గోల. కొత్త పార్టీకి పంపిన డ్రయ్యర్‌లో తలుపు పక్క, కింది మూలనున్న ట్రేలు ఆరట్లేదు. మిగతావన్నీ అప్పడాల్లా ఎండిపోతున్నాయి. అక్కడ మాత్రం పొడి ముద్దముద్దగా ఉండిపోతోంది. గాలి ఎటు పోతోందో ఈ సీఎఫ్‌డీ సాఫ్ట్‌వేర్‌తో కనిపెట్టమన్నారు.”

“కనిపెట్టినవా?”

“ఇది చూడండి. ఎరుపంటే గాలి జోరుగా ఉన్నట్టు, నీలమంటే కదలనట్టు. ఆ మూలంతా ఎర్రగా ఉంది. బ్రహ్మాండంగా గాలి తగుల్తోందంటోంది. కంప్యూటర్‌లో ఆరిపోతోంది, బయట ఆరట్లేదు.”

“ఇంకేంది మరి? ట్రేలు తెచ్చి గీ కంప్యూటర్ల పెట్టున్రి.”

“మీకు నవ్వులాటగా ఉంది. మూడు వారాలు. మూడు వారాల నుంచి ఇదే పెట్టెతో కుస్తీ, చివరికి తేలిందేమో ఈ ఎరుపు. అసలు నాకీ సాఫ్ట్‌వేర్ పట్టుబడలేదేమో. కాలేజీలో నేర్పలేదు, ఇక్కడ నేర్పేవాళ్లు లేరు. లావుపాటి పుస్తకమొకటి ఇచ్చి చదువుకోమన్నారు.”

“నాకు చెప్పు.”

“ఏం చెప్పను?”

“గీ పని. మొదటి సంది చెప్పు. నేర్చుకుంట.”

“మీరా?”

“ఏం? నాలుగు దినాలైతే ఇంట్ల కూసుంట. ఏదో ఒకటి నేర్వాలె గదా.”

“షాపులో పని లేదా మీకు?”

“ఉన్నది. ఉండనీ. చెప్తవా, చెప్పవా?”

“సరే, కూర్చోండి. ముందు పెట్టె గీయాలి. ఈ మౌస్ పట్టుకుని ఇక్కడ ఒక్కసారి నొక్కండి. మెల్లగా! మెల్లగా అండీ, అది సుత్తి కాదు.”

“అలవాటు బిడ్డా. ఇగ? పెట్టె వచ్చింది.”

“ఇది నిలువుగా కోసిన ముక్క. ఎడమ పక్క తలుపు, కుడి పక్క వెనక గోడ. ఇప్పుడు కొలతలు. ఇక్కడే నా మొదటి వారమంతా పోయింది, తెలుసా? మిల్లీమీటర్లలో గీసి మీటర్లని చెప్పాను. రెండు మీటర్ల డ్రయ్యర్ కాస్తా రెండు వేల మీటర్లయింది.”

“రెండు కిలోమీటర్ల డ్రయ్యరా! ఒక ట్రే ఆ కొసకు పెట్టి రావాలంటే ఆర్టీసీ బస్సు కావాలె.”

“నవ్వండి, నవ్వండి.”

“రాజుసారుకు చెప్పినవా?”

“పిచ్చా? ఇవాళే, మీకే చెప్తున్నాను. రెండో వారం ఇంకో ఘనకార్యం. గాలి వచ్చే దారి చెప్పాను, పోయే దారి చెప్పడం మర్చిపోయాను. మీట నొక్కగానే అంకెలన్నీ పైకెగిరిపోయి ఆగిపోయింది.”

“ఆగదా మరి? నన్ను గట్ల పెట్టెల పెట్టి గాలి కొడితే నేను సుత ఎగురుత.”

“ఇప్పుడు దీన్ని గళ్లు గళ్లుగా కోయాలి. మెష్ అంటారు. ఇరవై వేల గళ్లు.”

“ఇరవై వేలా! ఎందుకట?”

“పెట్టె మొత్తంలో గాలి ఎటు పోతుందో ఒక్కసారిగా చెప్పడం దీనివల్ల కాదు. అందుకని ఒక్కో గడినీ అడుగుతుంది. నీ పక్కదాన్నుంచి ఎంత గాలి వచ్చింది, అటు పక్కదానికి నువ్వెంత పంపావు అని. చెప్పిన లెక్కలు కలవకపోతే మళ్లీ మొదట్నుంచీ అడుగుతుంది. వెయ్యిసార్లయినా సరే, అందరి లెక్కా కలిసేదాకా.”

“ఊళ్లె పంచాయితి లెక్కనే.”

“అచ్చంగా అంతే. ఈ గీతలున్నాయే, ఇవి కిందికి దిగుతుంటే తగువు తగ్గుతోందని.”

“పంచాయితిల ఒకడు అబద్ధం చెప్తే?”

“గళ్లు అబద్ధం చెప్పవండీ. చెబితే మనమే చెప్పాలి. మనం పెట్టె తప్పుగా గీశామనుకోండి, ఆ తప్పు పెట్టెకే పొల్లుపోకుండా లెక్క చేసి పెడుతుంది. పాపం, దానికేం తెలుసు?”

“తప్పు పెట్టెకే లెక్కనా...”

“ఏంటి, గ్లాసు కింద పెట్టేశారేం?”

“ఏం లే. చాయ్ చల్లగైంది.”

“అర్థం కాలేదా?”

“అయింది. మంచిగ అయింది. నువ్వీ పెట్టె యాడికెళ్లి తీసుకున్నవ్?”

“ఆఫీసు డ్రాయింగ్ నుంచి. ఎనభై నాలుగులో గీసింది. ఇప్పటికీ అదేగా? ప్రతి కొలతా మూడేసిసార్లు చూశాను.”

“లోపట తలకాయ పెట్టి సూసినవా?”

“ఎలా చూస్తాను? అది పార్టీ దగ్గర రాత్రింబవళ్లు నడుస్తోంది. మన షాపులో సగం అయినది ఉంది కదా, చూద్దామని వస్తే మీరేగా వెళ్లగొట్టారు? వెల్డింగ్ నడుస్తోంది, కళ్లు పోతాయన్నారు.”

“అన్ననా?”

“రెండుసార్లు.”

“రెండుసార్లు అన్ననా... అని ఉంట తియ్యి.”

“ఆ రోజు వెల్డింగేమీ నడవట్లేదు కూడా. భోజనాల టైము.”

“జెర ఒక పని జెయ్యి బిడ్డా. ఊకెనే. గాలి లోపటికొచ్చే సందున్నది గదా, తలుపు పక్కపొంటి, కింద? దాని మీద ఒక రేకు గియ్యి.”

“రేకా? అక్కడ రేకెందుకుంటుంది?”

“ఊకెనే అంటున్న గదా.”

“ఎంత రేకు?”

“నూటా ఎనభై మిల్లీలు. వెనుక గోడ దిక్కు జెర వంచు.”

“ఎంత వంచాలి?”

“ముప్పై డిగ్రీలు. అందాజ.”

“అందాజుగా నూటా ఎనభై మిల్లీమీటర్లూ, ముప్పై డిగ్రీలూనా?”

“గియ్యమంటే గియ్యవేంది! నేర్చుకునేటోడు అడుగుతుంటే ఇన్ని సవాళ్లా?”

వీరలక్ష్మి రేకు గీసింది. గళ్లు మళ్లీ వేసి మీట నొక్కింది. తెర మీద గీతలు మెల్లగా మొదలయ్యాయి.

“పది నిమిషాలు పడుతుంది. రిటైరయ్యాక ఏం చేస్తారు, కిష్టప్ప గారూ?”

“మా ఇంటామె ఆగమ్మ ఏది చెప్తే అది.”

“ఆవిడేం చెప్తున్నారు?”

“అమీన్‌పూర్ల మా బిడ్డ ఇంటికి పోదామంటది. నేను ఊకె ఇంట్ల ఉంటే తలుపులు కిటికీలు అన్ని ఇప్పి మళ్ల బిగిస్తనని ఆమె భయం.”

“చేస్తారా?”

“చేస్తగావచ్చు. దిగుతున్నయ్ సూడు గీతలు. తగువు తగ్గుతున్నది.”

“అరె, నేర్చేసుకున్నారే! లెక్క కలిసింది. రంగులు పెడుతున్నా. మళ్లీ ఎరుపే వస్తుంది, నాకు తెలు...”

“ఏమైంది?”

“నీలం.”

“ఆఁ?”

“తలుపు పక్క కింది మూల. నీలం! గాలి అసలు కదలట్లేదక్కడ. కిష్టప్ప గారూ, సరిగ్గా కింది నాలుగు ట్రేలు! పార్టీవాళ్లు కంప్లయింట్‌లో రాసింది ఆ నాలుగు ట్రేల గురించే!”

“ఒర్రకు బిడ్డా, అందరొస్తరు.”

“కానీ ఆ రేకు... ఉండండి. ఆ రేకు నిజంగా ఉందా?”

“ముందుగాల చాయ్ తాగు.”

“ఉందా, లేదా?”

“ఉన్నది.”

“ఈ డ్రయ్యర్‌లోనా?”

“దీంట్ల. దీని ముందటిదాంట్ల. దాని ముందటిదాంట్ల సుత.”

“ఎన్నిట్లో చెప్పండి.”

“ఎనభై నాలుగు సంది అన్నిట్ల.”

“ఎవరు పెట్టారు?”

“ఎవరు పెడ్తరు? చేసేటోడే పెడ్తడు.”

“మీరా! మూడు వారాలు, కిష్టప్ప గారూ! నేనెందుకూ పనికిరానిదాన్ననుకున్నాను. అమ్మ అడిగితే తలనొప్పని చెప్పి ముసుగు పెట్టి పడుకున్నాను. మీరేమో రోజూ టీ తెచ్చి, హోలీ అన్నారు, టీవీ చూస్తున్నావా అన్నారు, జోకులేశారు. మీకు తెలుసు.”

“తెల్వదు.”

“అబద్ధం.”

“నా బిడ్డ మీద ఒట్టు. రేకున్నదని తెలుసు. రేకుతోని తడి అని తెల్వదు. అనుమానం ఉండె. అనుమానం చెప్పాలంటే ముందుగాల రేకు ముచ్చట చెప్పాలె గదా. దినాం చెప్దామనే చాయ్ పట్టుకొస్తి. నీ మొకం సూస్తే నోరు రాకపోయె. నోరు రాకుంటే ఏం చేస్త? మజాక్ చేసిన.”

“ఇవాళ ఎందుకు వచ్చింది నోరు?”

“మల్లవ్వ డబ్బ మూత తీసి చూపెట్టింది.”

“ఆ డబ్బా సంగతి వదిలేయండి.”

“అలిగినవా?”

“అలిగాను. ముందు ఎందుకు పెట్టారో చెప్పండి, తర్వాత అలుగుతాను.”

“మొదటి డ్రయ్యర్ చేసినప్పుడు సోమయ్యను నడిపి సూడుమన్నరు. సోమయ్య అంటే మా ఆగమ్మ తమ్ముడు. నేనే పనికి పెట్టిచ్చిన. ఫ్యాను నడుస్తుండంగ తలుపు తీసిండు. సందుల కెళ్లి గాలి సక్కగ వచ్చి మొకానికి కొట్టింది. పొయ్యిల కెళ్లి వచ్చినట్టు. కనుబొమ్మలు మాడిపోయినయ్. ఐదు దినాలు కండ్లు తెరువలే. ఆగమ్మ ఐదు దినాలు నాతోని మాట్లాడలే.”

“అయ్యో.”

“డ్రాయింగ్ సారు దగ్గరికి పోయిన. అప్పటాయన, నువ్వెరుగవు. సారూ, సందు మీద ఒక రేకు ఏద్దాం, గాలి వెనుకకు మళ్లుతది అన్న. డ్రాయింగ్ నేను గీస్తున్ననా, నువ్వు గీస్తున్నవా అన్నడు. ఇగ నేను మారు మాట్లాడలే. షాపుకొచ్చి రేకు కోసిన, వంచిన, అతికిన. ఎవ్వలు లోపట తలకాయ పెట్టి సూడలే. గప్పటి సంది ఎవ్వల మొకం కాలలే.”

“మరి ఇన్నేళ్లూ తడి కంప్లయింట్ రాలేదేం?”

“అప్పట్ల పొడి సగం ఆరినంక ఫ్యాను బందు పెట్టి, కింది ట్రేలు మీదికి, మీదియి కిందికి మార్చేటోళ్లు. ఈ కొత్త పార్టీ గట్ల కాదంటది. ఒక్కసారి తలుపు మూస్తే మొత్తం ఆరినంకనే తెరువాలెనట.”

“అందుకా! అయితే తేలిపోయింది. ఆ రేకు పీకేస్తే సరి, మూల ఆరిపోతుంది.”

“తియ్యకు!”

“ఎందుకు? నా మొదటి బొమ్మలో...”

“మూల ఆరుతది. తలుపు తెరిచేటోని మొకం సుత ఆరుతది.”

“నిజమే. నిజమే సుమండీ. తలుపు దగ్గర అంత ఎరుపు కనపడితే గాలి బాగా తగుల్తోందని సంబరపడ్డాను. అక్కడొక మనిషి నిలబడతాడని నాకు తట్టనే లేదు.”

“నీ పుస్తకంల మనిషి లేడు గావచ్చు.”

“లేడు. సరే, రేకు ఉంటుంది. కానీ ఇలా కాదు. కొంచెం గాలి మూలకి, ఎక్కువ గాలి వెనక్కి వెళ్లాలి. ఏం చేద్దాం?”

“జల్లెడ లెక్క తూట్లు పొడిస్తే?”

“ఎంత తూట్లు?”

“బొటనవేలంత పెట్టి సూడు.”

“పెట్టాను. నొక్కుతున్నా... మీరు నొక్కండి. మెల్లగా.”

“మెల్లగనే నొక్కిన. ఈసారి సుత్తి అన్లేదు నువ్వు.”

“అనలేదు. ఇంకో పది నిమిషాలు... ఆఁ, వచ్చింది, చూడండి. మూల బాగుంది. తలుపు దగ్గర మళ్లీ ఎరుపెక్కింది.”

“పెద్దగైనయ్. చిటికెన వేలంత చెయ్యి. తలుపు దిక్కు తక్కువ, మూల దిక్కు ఎక్కువ.”

“అందాజుగానా?”

“అందాజ ఎనిమిది మిల్లీలు.”

“మీ అందాజు నాకు అర్థమైంది లెండి. ఎనిమిది... గళ్లు... పోయే దారి పెట్టాను, ఈసారి మర్చిపోలేదు. నడుస్తోంది.”

“గీతలు ఆగినయ్. ఏ రంగు బిడ్డా? నేను కండ్లు మూసుకున్న.”

“మూల ఆకుపచ్చ. తలుపు దగ్గర కూడా ఆకుపచ్చే. ఎక్కడా ఎరుపు లేదు, నీలం లేదు. కిష్టప్ప గారూ, చిలకపచ్చగా ఉంది!”

“మొకం కాలదు గదా?”

“కాలదు. ముద్ద కట్టదు. రేపే రేకు కోసి చూడొచ్చు. రిపోర్ట్ రాసి రాజు గారికి ఇప్పుడే ఇచ్చేస్తాను. సోమవారం దాకా ఎందుకు?”

“రాయి రాయి. జల్దీ రాయి. స్టోర్ల నట్లు బోల్టులు పాపం నీ కోసం ఎదురు సూస్తున్నయ్.”

“ఇంగ్లీషులో రాస్తూ తెలుగులో చెప్తాను, వినండి. ‘గాలి వచ్చే చోట, డ్రాయింగ్‌లో లేని ఒక రేకు ఉన్నట్టు తేలింది.’”

“తేలిందా? నీళ్లల్ల తేలిందా?”

“రిపోర్టుల్లో అలాగే రాస్తారు. ‘దానిని ఎవరు, ఎప్పుడు అమర్చారో తెలియరాలేదు.’”

“తెలియరాలేదా?”

“ఆఁ. మీ పేరు రాయట్లేదు. నాలుగు రోజుల్లో వెళ్లిపోతున్నారు, ఈ తలనొప్పి మీకెందుకు? డ్రాయింగ్‌లో లేనిది ఎలా పెట్టావని రాజు గారు తలుపు మూసి మరీ అరుస్తారు. మీరేం మాట్లాడకండి, నేను చూసుకుంటాను.”

“కొట్టెయ్యి.”

“ఏది?”

“తెలియరాలేదన్న మాట. కొట్టెయ్యి దాన్ని.”

“కిష్టప్ప గారూ, నేను మీ మంచికే...”

“నాకెరుకే బిడ్డా. నాకు కోపం లేదు. కాని డ్రాయింగు మీద గీసినోని పేరుంటది. సూసినోని పేరుంటది. మంచిగున్నదని సంతకం పెట్టినోని పేరుంటది. చేసినోని పేరుకు జాగ ఉండదు. ఇరవై ఆరేండ్లల్ల నేను సొంతంగ అనుకోని చేసింది ఆ ఒక్క రేకే. దాన్ని సుత తెలియరాలేదని రాస్తవా?”

“తప్పు అన్న చోట వస్తుంది మీ పేరు. ఆలోచించుకోండి.”

“రానీ. అరిస్తే అరవనీ. నాలుగు దినాలే గదా అరిచేది.”

“రాస్తున్నాను. ‘ఎనభై నాలుగులో, తలుపు తీసేవారి ముఖం కాలకుండా ఈ రేకును అమర్చినవారు, ఫిట్టర్ శ్రీ కృష్ణప్ప.’”

“కృష్ణప్ప ఎవడు?”

“మీరేగా! ఇంగ్లీషులో అలా రాస్తేనే పద్ధతిగా ఉంటుందండీ.”

“పద్ధతి నువ్వు ఉంచుకో, బిడ్డా. రేకు పెట్టింది కృష్ణప్ప కాదు, కిష్టప్ప.”